ముద్రారాక్షసమున బుట్టిన పాట

కథ విన్నవారందఱును ఒక్కతీరున నుండరు. కొందఱు విని మఱచిపోవుదురు. కొందఱు దానిని మనసున నిలుపుకొని, కవి చెప్పక విడిచినచోట తామొక మాట కలుపుదురు. ఆ మాటకు వరుస కుదిరినచో పాట యగును. వాల్మీకిమహర్షి పదునాలుగేండ్ల వనవాసమును వర్ణించెనే గాని, అయోధ్యలో మిగిలిన ఊర్మిళ ఆ పదునాలుగేండ్లును ఎట్లు గడపెనో చెప్పలేదు. ఆ కొఱతను దీర్చినది మన స్త్రీలు పాడుకొను "ఊర్మిళాదేవి నిద్ర". ఇట్టి గానమే మఱియొక రూపమున అమెరికాదేశమున డెబ్బదియేండ్లకు పైగా సాగుచున్నది. దాని వృత్తాంతమును సోదరీమణులకు దెలుపుటకే మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

విజ్ఞానశాస్త్రము నాధారముగా గొని భావికాలమును, అన్యగ్రహములను ఊహించి చెప్పు కథలును, మంత్రములు మాయలు గల అద్భుతకథలును ఆ దేశమున విరివిగా వెలువడుచున్నవి. వానియం దభిమానము గలవారు ఏటేట ఏదో యొక పట్టణమున సమావేశమగుదురు. పగటివేళ ఉపన్యాసములు, చర్చలు. రాత్రి యైనతోడనే హోటలు గదులలో గిటారు చేతబట్టి పాటలు. ఆ పాటలకు "ఫిల్కు" అని పేరు.

ఈ పేరు వచ్చిన తీరు మిక్కిలి వింతయైనది. జానపదగానమునకు ఇంగ్లీషున "ఫోకు" అని పేరు. 1950 తరువాతి తొలియేండ్లలో లీ జేకబ్స్ అను నాయన, విజ్ఞానకథల ప్రభావము జానపదగానముపై ఎట్లున్నదో విచారించుచు ఒక వ్యాసము వ్రాసెను. ఇంగ్లీషు టైపుయంత్రమున ఆ పదములోని అచ్చుయొక్క మీటకు పక్కనే మఱియొక అచ్చుయొక్క మీట యుండును. వ్రేలు జాఱి "ఫోకు" కాస్త "ఫిల్కు" అయ్యెను. అం దుదాహరించిన పాటలు కొన్ని అశ్లీలములుగా నుండుటచే ఆ వ్యాసము నచ్చువేయుటకు సంపాదకుడు జంకెను. వ్యాసము మూలబడినను ముద్రారాక్షసము మాత్రము బ్రతికి బయటబడెను. 1953లో కారెన్ ఆండర్సన్ అను నామె, తన భర్తయు ప్రసిద్ధ కథారచయితయు నగు పోల్ ఆండర్సన్ కట్టిన పాటను ప్రకటించుచు, దానికి ఫిల్కుపాట యని బుద్ధిపూర్వకముగా పేరు పెట్టెను. ఆ తప్పును ఒప్పుగా నిలిపినది ఒక గృహిణి యగుట మనకు సంతోషకరము.

తొలినాటి ఫిల్కుపాటలు చాలవఱకు ప్రాతవరుసలకు క్రొత్తమాటలు. ఎల్లరు నెఱిగిన జానపదగీతమున రాజకుమారుడున్నచోట వ్యోమనౌకాధిపతి వచ్చి కూర్చుండును. సముద్రమున్నచోట ఆకాశము పఱచుకొనును. ఇందు మనము వింతపడవలసిన దేమియు లేదు. మన పాటలపుస్తకములలో ప్రతి పాట మీదను "ఫలానా పాట వరుస" అని యుండుట సోదరీమణు లెఱుగనిది కాదు. క్రమముగా అచ్చట సొంతవరుసలు కట్టువారు నేర్పడిరి. హాస్యమునకై యారంభమైన గానము శోకమును, ఆశను గూడ మోయజాలినదయ్యెను.

వారు పాడుకొను పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. అందఱును వలయాకారముగా గూర్చుందురు. వంతు వచ్చినవారు తాము పాడవచ్చును, ఇతరులచే పాడించుకొనవచ్చును, లేదా "నా వంతు నీకే" యని పక్కవారికి విడువవచ్చును. కంఠము శ్రావ్యముగా లేదనియు, తాళము తప్పినదనియు ఎవ్వరిని వెడలగొట్టరు. పేరంటములో పాడుమన్నచో తలవంచుకొని "మాకు రాదమ్మా" యను పిల్లలకు ఇట్టి వలయ మొకటి యున్న నెంత బాగుండును!

రాత్రి పాడిన పాట తెల్లవాఱునప్పటికి గాలిలో గలిసిపోవును. దానిని నిలుపుట యెట్లు? ఈ ప్రశ్నయే ఆ గానచరిత్రమున ముఖ్యమైనది. మొదట పాటలను వ్రాసి, ప్రతులు తీసి పంచుకొనిరి. 1976లోను 1977లోను లెస్లీ ఫిష్ అను నామె తన తోడివారితో గూడి రెండు గ్రామఫోను రికార్డులు వెలువరించెను. 1969లో చంద్రునిపై మానవుడు అడుగిడిన సంగతిని గూర్చి యామె కట్టిన "హోప్ ఐరీ" యను పాట ఆ సమావేశములలో ఒక ప్రార్థనవలె నిలిచిపోయినది. 1980 ప్రాంతమున కాలిఫోర్నియాలో కొందఱు మిత్రులు చేరి ఆఫ్ సెంటార్ అను చిన్న ప్రచురణసంస్థ నేర్పఱచిరి. క్యాసెట్టు చౌకయైన వస్తువు. పెద్ద కంపెనీల దయ యక్కఱలేదు. వారు పాటలు పట్టించి, సమావేశములలో బల్ల వేసికొని అమ్మిరి. 1983లో అంతరిక్షయానమును గూర్చిన పాటలతో నొక క్యాసెట్టు వెలువడెను. ఆ సంస్థ పదియేండ్లైన నిలువలేదు, పాటలు నిలిచినవి.

ఆ సంస్థాపకులలో జోర్డిన్ కేర్ అను భౌతికశాస్త్రజ్ఞు డొకడు. లేసరు కిరణములతో నౌకలను ఆకాశమునకు బంపు నుపాయములను శోధించినవా డాయన, 2017లో కీర్తిశేషుడయ్యెను. అంతరిక్షమునకు మానవుడు చేసిన ప్రయాణమును గూర్చి ఆయన "ఫైర్ ఇన్ ది స్కై" యను పాట కట్టెను. 1986లో చాలెంజరు నౌకతోపాటు గతించిన యేడుగురి స్మృతియు అందు గలదు. 2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా నౌక తిరిగివచ్చుచు ఆకాశముననే ఛిన్నాభిన్నమై, మఱి యేడుగురు ప్రాణములు గోల్పోయిరి. మన కర్నాలులో బుట్టిన కల్పనాచావ్లా వారిలో నొకతె. ఆనాడు టెలివిజనులో మాటాడుచు, చంద్రునిపై నడచిన బజ్ ఆల్డ్రిన్ ఈ పాటలోని పంక్తులు చదువబోయి, కన్నీరు పొంగి చదువలేకపోయెను. హోటలు గదిలో పొద్దుపోకకు పాడుకొను పాటలని తేలికగా జూచినవారికి ఇంతకంటె వేఱు సమాధానము వలదు.

ఈ గానమున స్త్రీలు వెనుకవరుసలో గూర్చుండలేదు. జువానితా కోల్సన్ భర్తతో గూడి ఇండియానా రాష్ట్రమున తమ యింటినుండియే "యాండ్రో" యను చిన్నపత్రిక నడపి, 1965లో హ్యూగో బహుమానము నందెను. సమావేశములలో ఆమె పాటయు ప్రసిద్ధము. మెర్సిడీస్ లాకీ మొదట పాటలు వ్రాసి, పిమ్మట నవలలకు పేరుగాంచెను. షానన్ మెగ్వైర్ కట్టి పాడిన "వికెడ్ గర్ల్స్" అను పాటల సంపుటము 2012లో హ్యూగో బహుమానపు తుదిపట్టికలో జేరెను. ఆ పేరు గల పాటలో బాలకథలలోని వెండీ, డోరతీ, ఆలిసు మొదలగు పిల్లలు కథకుడు గీచిన గీతను దాటుటకు జూతురు. మన ఊర్మిళకు వారు దూరపుచుట్టములని మా తలంపు.

ఒక భేదము మాత్రము కలదు. వారి పాట యేదైనను కట్టినవా రెవరో, ఏ యేట పట్టించిరో చెప్పవచ్చును. 1984 మొదలు ఉత్తమమైన పాటలకు పెగాసస్ అను బహుమానము లిచ్చుచున్నారు. 1995లో ఆ గానమునకు సేవచేసినవారి నామావళి నొకదానిని గూడ స్థాపించిరి. మన యింటిపాటలలో ఎన్నింటికి కర్త్రి పేరు మిగిలినది? పాట నోటినుండి నోటికి వచ్చెను. పేరు దారిలో జాఱిపోయెను. పాడు ముసలమ్మ గతించినపుడు పాటయు నామెతోనే పోయిన యిండ్లు కోకొల్లలు.

పట్టించు యంత్రము నేడు ప్రతివారి చేతిలోని ఫోనులోనే యున్నది. కావున సోదరీమణులు ఇంటిలోని పెద్దలను గూర్చుండబెట్టి, వారికి వచ్చిన పాటలు పాడించి పట్టించవలెను. ఎవరివలన నేర్చిరో, ఏ యూరిలో విన్నారో అడిగి వ్రాసికొనవలెను. క్రొత్తగా కట్టగలవారు చంద్రయానమును గూర్చియే కట్టుదురు గాక, చదివిన కథలోని యొక దీనురాలిని గూర్చియే కట్టుదురు గాక, కాగితము చివర తమ పేరును తేదీని తప్పక వేయవలెను. పేరు వేసికొనుట గర్వమని జంకనక్కఱలేదు. అది రేపటి మనుమరాలికి మన మిచ్చు చిరునామా.