సంక్రాంతి సెలవుల్లో ఒక పూట: కృష్ణా తీరం ఊళ్ల మీదుగా సైకిల్‌పై



ఈ ఏడాది మీ అమ్మాయి లేదా అబ్బాయి ఎన్ని కిలోమీటర్లు ప్రయాణం చేశారో ఒకసారి లెక్కవేసి చూడండి. స్కూల్ బస్సు, కారులో వెనక సీటు, అమ్మమ్మగారి ఊరికి రైలు అన్నీ కలిపితే వేలల్లోనే తేలుతుంది. అందులో వాళ్లు తమ కాళ్ల బలంతో వెళ్లిన దూరం ఎంత? చాలా ఇళ్లలో జవాబు అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఆగిపోతుంది.

కారణం మనందరికీ తెలుసు. రోడ్డంటే భయం. ఆ భయం తప్పు కాదు. నగరంలో లారీల మధ్య పన్నెండేళ్ల పిల్లవాడిని సైకిల్ మీద వదలమని ఎవరూ చెప్పరు. అయితే పిల్లలకు రోడ్డు మీద నడుచుకోవడం ఎప్పుడో ఒకప్పుడు రావాలి. పద్దెనిమిదేళ్లు నిండగానే బైక్ తాళం చేతికి వచ్చే రోజు దగ్గరలోనే ఉంది. అంతకు ముందే, మీరు పక్కనుండగా, నెమ్మదైన రోడ్డు మీద ఆ అలవాటు మొదలైతే మంచిది. అందుకు సరిపోయే ఒక దారిని ఈ నెల పరిచయం చేస్తున్నాం. ఉమ్మడి కృష్ణా జిల్లాలో కూచిపూడి, మొవ్వ, ఘంటసాల, శ్రీకాకుళం గ్రామాలను కలుపుతూ తిరిగి కూచిపూడి చేరే దారి ఇది. మీరు ఎంచుకునే రోడ్లను బట్టి మొత్తం దాదాపు 35 నుంచి 40 కిలోమీటర్లు ఉంటుంది.

ముందుగా ఒక మాట

విజయవాడ నుంచి సైకిల్ తొక్కుతూ వెళ్లవద్దు. మచిలీపట్నం వెళ్లే జాతీయ రహదారి పిల్లల సైకిళ్లకు తగినది కాదు. సైకిళ్లను కారు మీదో చిన్న వ్యాన్‌లోనో వేసుకుని, పామర్రు మీదుగా కూచిపూడి చేరి, అక్కడ దింపుకోండి. పండక్కి ఆ చుట్టుపక్కల సొంత ఊరికి వెళ్లేవారికి ఈ పని మరింత సులువు.

నేల ఇంత చదునుగా ఎందుకుంది?

మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. నల్లమల కొండలను చీల్చుకుని వచ్చి, విజయవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య నుంచి బయటపడుతుంది. ఆ తర్వాత దానికి అడ్డంగా కొండ అన్నది లేదు. వాలు తగ్గి వేగం పడిపోయిన నది తాను మోసుకొచ్చిన ఒండ్రును వేల ఏళ్లుగా ఇక్కడే పరుస్తూ వచ్చింది. మీరు సైకిల్ తొక్కే నేల మొత్తం అలా నది వేసిందే. అందుకే ఎత్తుపల్లాలు లేవు. గేర్లు లేని సైకిల్ కూడా సరిపోతుంది.

దారి పొడవునా కనిపించే కాలువలకు వేరే కథ ఉంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పొలాలకు కాలువ నీళ్లు అందాయి. ఆ పాత ఆనకట్ట 1952లో దెబ్బతింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మీ పిల్లలు సోషల్ పుస్తకంలో చదివే ‘డెల్టా’, ‘ఒండ్రు నేల’, ‘నీటిపారుదల’ అనే మూడు మాటలూ ఇక్కడ ఒకే చోట చక్రం కిందికి వస్తాయి.

ఊరూరా ఏం చూడాలి?

కూచిపూడి: మన నాట్యానికి పేరిచ్చిన ఊరు ఇదే. భామాకలాపం రచించిన సిద్ధేంద్ర యోగి ఇక్కడి సంప్రదాయానికి మూలపురుషుడని చెబుతారు. ఈ నాట్యాన్ని చూసి మెచ్చిన గోల్కొండ నవాబు తానీషా ఊరిని కళాకారుల కుటుంబాలకు అగ్రహారంగా ఇచ్చాడని కూడా చెప్పుకుంటారు. ఈ నాట్యాన్ని ప్రపంచమంతా తెలిసేలా చేసిన వెంపటి చినసత్యం 1929లో పుట్టింది ఇక్కడే. రామలింగేశ్వరస్వామి గుడి ముందు సైకిళ్లు ఆపి కాసేపు కూర్చోండి. మీ అమ్మాయి నాట్యం నేర్చుకుంటూ ఉంటే ఆమెకు వేరే పరిచయం అక్కర్లేదు. ఇక్కడికి దగ్గరలోనే భట్లపెనుమర్రు ఉంది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్య స్వగ్రామం అది.

మొవ్వ: కూచిపూడి నుంచి కొద్ది కిలోమీటర్లే. 17వ శతాబ్దపు పదకర్త క్షేత్రయ్య తన పదాల్లో ‘మువ్వ గోపాల’ అని ముద్ర వేసుకున్నది ఈ ఊరి వేణుగోపాలస్వామి పేరుతోనే. ఒక చిన్న ఊరి దేవుడి పేరు తంజావూరు, మధుర ఆస్థానాల దాకా పాటలో వెళ్లింది. పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పండి, చాలు.

ఘంటసాల: ఈ దారిలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన భూగోళ గ్రంథంలో ‘కంటకోస్సిల’ అనే వర్తక కేంద్రం కనిపిస్తుంది. అది ఈ ఊరేనని పండితులు గుర్తించారు. ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని 19వ శతాబ్దంలో తవ్వి చూశారు. ఈ ఊళ్లో దొరికిన శిల్పాల్లో కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియం దాకా వెళ్లాయి. ఊళ్లో కూడా మ్యూజియం ఉంది. తెరిచే వేళలు ముందురోజే కనుక్కోండి.

ఇక్కడ పిల్లలను రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది: ‘చుట్టూ ఒక్క కొండ లేదు కదా, ఈ రాయి ఎక్కడి నుంచి వచ్చింది?’ ఇది పలనాటి సున్నపురాయి. పలనాడు ఎగువన, అదే కృష్ణ ఒడ్డున ఉంది. ఆ కాలంలో అంత బరువు తేవడానికి నదికి మించిన రోడ్డు లేదు. రెండోది: ‘ఇది ఓడల వ్యాపారంతో బతికిన ఊరైతే సముద్రం ఏది?’ నది ఒండ్రు వేస్తూ పోతే తీరం ముందుకు జరుగుతుంది, ఊరు వెనకబడుతుంది. జవాబు మీరే చెప్పేయకండి. పొద్దున్నుంచి చదును నేల మీద సైకిల్ తొక్కిన పిల్లలకు కాస్త ఆలోచిస్తే తట్టే జవాబే ఇది.

శ్రీకాకుళం: ఉత్తరాంధ్రలోని పట్నం కాదు, కృష్ణ ఒడ్డునున్న గ్రామం. ఇక్కడి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద మొదట్లో చెప్పుకున్నాడు. కళింగ దండయాత్రకు వెళ్తూ బెజవాడలో విడిది చేసి, ఏకాదశి నాడు ఈ ఊరికి వచ్చి ఉపవాసం ఉన్నాడట. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం చెప్పింది కూడా ఈ స్వామి మీదే. గుడి చూశాక నది ఒడ్డుకు వెళ్లండి. అయితే నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి. ఇసుక కింద గుంతలు పైకి కనిపించవు.

కొండ లేదు, గాలి ఉంది

చదును నేల మీద సైకిల్‌కు ఎదురయ్యే కొండ గాలే. ఎండ ఎక్కేకొద్దీ నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మీ పిల్లలు సైన్స్‌లో చదివే ‘సముద్ర పవనం’ ఇదే. ఈ ప్రాంతానికి సముద్రం తూర్పున, దక్షిణాన ఉంది. కాబట్టి దక్షిణంగా ఘంటసాల వెళ్లే భాగాన్ని పొద్దున్నే ముగించండి. తిరుగు ప్రయాణం ఉత్తర దిక్కుకే కనుక, అలసిన వేళకు గాలి ఎదురుగా కాక వెనక నుంచో పక్క నుంచో వస్తుంది.

అలాగని మరీ చీకటితో బయలుదేరవద్దు. జనవరిలో కాలువల వెంట మంచు దట్టంగా ఉంటుంది. ఎదురొచ్చే బండి స్పష్టంగా కనిపించేదాకా ఆగండి. ఏడు గంటలకు బయలుదేరి, గంటకు 10 కిలోమీటర్ల చొప్పున తొక్కుతూ, ఆగాల్సిన చోట ఆగుతూ వెళ్తే మధ్యాహ్న భోజనం వేళకు వెనక్కి చేరవచ్చు.

కాలువ గట్టు మీద ఈ నియమాలు తప్పనిసరి

ఈ దారిలో అసలు ప్రమాదం వేగం కాదు, కాలువ. చాలాచోట్ల రోడ్డుకూ కాలువకూ మధ్య గోడ గానీ రెయిలింగ్ గానీ ఉండదు. పక్కకు తిరిగి కొంగలను చూస్తూ తొక్కే పిల్లవాడు రెండు క్షణాల్లో అంచుకు వెళ్లిపోతాడు.

• అందరూ ఒకరి వెనక ఒకరు, ఎడమ పక్కనే వెళ్లాలి. ముందు ఒక పెద్దవారు, చివర ఒక పెద్దవారు ఉండాలి. పెద్దవాళ్లు ఒక్కరే అయితే చివర ఉండండి. పిల్లలు మీ కళ్ల ముందుండాలి.
• కాలువ ఎడమ వైపు ఉన్నప్పుడు గట్టు అంచుకు కనీసం ఒక మంచం వెడల్పు దూరంలో తొక్కమనండి. ఎదురుగా లారీ వస్తే అంచుకు జరగడం కాదు, సైకిల్ దిగి నిలబడడం నేర్పండి.
• ఏదైనా చూడాలనిపిస్తే ఆగి చూడాలి. తొక్కుతూ తల తిప్పకూడదు. ఫోటోలకూ ఇదే నియమం.
• నూర్పిళ్ల రోజుల్లో రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. గింజల మీద చక్రం జారుతుంది. పైగా అది ఒక రైతు కుటుంబం ఏడాది కష్టం. దిగి, పక్క నుంచి నడిపించుకుంటూ వెళ్లమని చెప్పండి.
• చెరకు, గడ్డి వేసుకున్న ట్రాక్టర్ల వెనక దగ్గరగా వెళ్లకూడదు. దాటి వెళ్లాలని అసలే చూడకూడదు.
• ఇద్దరికీ హెల్మెట్, అంటే పిల్లలకూ మీకూ. కనుబొమలకు పైన రెండు వేళ్ల ఎడంలో కూర్చోవాలి. పట్టీ గడ్డం కింద బిగుతుగా ఉండాలి. మీరు పెట్టుకోకుండా వాళ్లకు పెడితే, అది పనిష్మెంట్ అనుకుంటారు.

ముందురోజు సాయంత్రం

మూడు చూడండి: గాలి, బ్రేకు, చైను. టైరులో ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూడండి. చైనుకు ఒక చుక్క నూనె వేయండి. సీటు మీద కూర్చుంటే పిల్లల మునివేళ్లు నేలకు ఆనాలి. ‘ఏడాదిలో ఎదుగుతాడు కదా’ అని కొన్న పెద్ద సైకిల్‌ను ఈ ప్రయాణానికి తేవద్దు. గాలి పంపు, ఒక అదనపు ట్యూబు, కాస్త దూది, కట్టు గుడ్డ, తలకొక నీళ్ల సీసా, అరటిపండ్లు, వేరుశనగ చిక్కీలు చాలు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగించండి.

ఎవరికి ఎంత దూరం?

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు కూచిపూడి నుంచి మొవ్వ వెళ్లి రావడం చాలు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారు ఘంటసాల దాకా వచ్చి, అక్కడి నుంచి కారెక్కవచ్చు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు, అంతకు ముందు రెండు మూడు ఆదివారాలు 15 కిలోమీటర్లు తొక్కి అలవాటుపడితే, మొత్తం చుట్టు తిరగగలరు. మధ్యలో ‘ఇక నా వల్ల కాదు’ అంటే వెంటనే ఆపేయండి. అది ఓటమి కాదు. తన ఒంటి సంగతి తాను తెలుసుకుని చెప్పడం కూడా చదువే.

ఇంకాస్త పెద్ద పిల్లలుంటే మరో రోజు కారులో పులిగడ్డ, అవనిగడ్డ మీదుగా కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా వెళ్లండి. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెనలో సుమారు పదివేల మంది ప్రాణాలు పోయిన దివిసీమ అది. ఆ రాత్రిని కళ్లారా చూసిన తాతయ్యలు, నాయనమ్మలు ఆ ఊళ్లలో ఇంకా ఉన్నారు. చెప్పాలనిపించి వాళ్లే చెబితే, పిల్లలను పక్కన కూర్చోబెట్టి విననివ్వండి.

చివరగా మా విన్నపం ఒకటి

ఇంటికి వచ్చాక దీన్ని ప్రాజెక్ట్ వర్క్‌గా మార్చకండి. ‘ఏం నేర్చుకున్నావో పది పాయింట్లు రాయి’ అనకండి. టీ కొట్టు దగ్గర ఎవరైనా పెద్దాయన ‘ఏ ఊరు బాబూ మీది?’ అని అడిగితే మీరు జవాబు చెప్పకుండా పిల్లలనే చెప్పనివ్వండి. దారి తప్పితే ఫోన్ తీయకుండా ‘తాతగారూ, ఘంటసాలకు ఎటు వెళ్లాలండీ?’ అని వాళ్లనే అడగమనండి. నలుగురితో మాట్లాడే ధైర్యం, తన వస్తువును తానే చూసుకునే అలవాటు, ఎదుటివారి ధాన్యం మీద చక్రం పెట్టకూడదన్న ఇంగితం ఏ పరీక్షలోనూ మార్కులుగా కనిపించవు. కానీ పదేళ్ల తర్వాత మీ బిడ్డ ఒంటరిగా ఏదో ఊళ్లో దిగిన రోజున అవే అక్కరకు వస్తాయి.

ఈ పండక్కి ఒక పూట కేటాయించండి. సైకిళ్లకు గాలి కొట్టించండి. మీ సైకిల్‌కు కూడా.