చక్రాల ఇంట్లో 12 రోజులు

గత వేసవి సెలవుల్లో మా కుటుంబం న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో 12 రోజులు క్యాంపర్‌వ్యాన్‌లో గడిపింది. మా వారు, నేను, 14 ఏళ్ల అబ్బాయి, 68 ఏళ్ల అత్తమ్మ. ప్రయాణం ఎలా జరిగిందని అడిగిన వారందరికీ ఇంతవరకు టెకాపో సరస్సు ఫొటోలే చూపిస్తూ వచ్చాను. ఫొటోలు తీయని రోజుల గురించి కూడా చెప్పాలి.

క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయంలోనే అత్తమ్మ తెచ్చిన తేనె సీసా పోయింది. తేనెటీగల వ్యాధులు ప్రవేశిస్తాయన్న భయంతో ఆ దేశం బయటి తేనెను రానివ్వదు. ముందే రాసి చూపించాము కనుక జరిమానా తప్పింది. అక్కడ కూడా మనలాగే రోడ్డుకు ఎడమవైపున నడుపుతారు, ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు చెల్లుతుంది. వంతెనలే కొత్త. చాలా చోట్ల వాటిమీద ఒక్క వాహనానికే చోటు. మనవైపు ఎర్ర బాణం ఉంటే ఆగి ఎదుటివారికి దారి ఇవ్వాలి.

టెకాపో సరస్సుది పాలు కలిపినట్టుండే నీలిరంగు. హిమానీనదాలు రాళ్లను పిండిగా నూరి నీటిలో కలపడమే దానికి కారణం. ఆకాశపు చీకటిని కాపాడేందుకు ఆ ప్రాంతాన్ని 2012లో రక్షిత ప్రదేశంగా గుర్తించారు. అన్ని నక్షత్రాలను నేను ఎన్నడూ చూడలేదు. ఆ రాత్రి ఇషా నమాజుకు ఖిబ్లా వెతికితే ఫోన్ పడమరకు కాస్త దక్షిణంగా చూపించింది. "మక్కా మనకు ఉత్తరాన ఉంటే దక్షిణానికి ఎలా తిరుగుతాం?" అని అత్తమ్మ ఒప్పుకోలేదు. మా అబ్బాయి ఒక నారింజ పండు మీద పెన్నుతో రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య దారం బిగించి చూపించాడు. గుండ్రని భూమిపై దగ్గరి దారి మొదట దక్షిణంగా వంగి, ఆ తర్వాత ఉత్తరానికి తిరుగుతుంది. ఆ పండును ఆమె మూడు రోజులు ఎవరినీ తిననివ్వలేదు.

టె అనౌ చేరాక వాన పట్టుకుంది. రెండు రోజులు వదలలేదు. మా వ్యాన్‌లో భోజనాల బల్లే రాత్రికి మంచం. పడుకున్నవారు లేచి పరుపు మడిస్తే గాని టీ తాగడానికి చోటు ఉండదు. తలల మీద తడి బట్టలు వేలాడుతున్నాయి. మరుగుదొడ్డి పెట్టెను నిర్ణీత స్థలంలోనే ఖాళీ చేయాలి. ఆ పనిని మా వారు ఒకరోజు వాయిదా వేశారు. వాసన, చలి, నిద్రలేమి కలిసి నా ఓర్పును తినేశాయి. రాత్రి 11 గంటలకు గొంతు తగ్గించి అన్నాను: "ఈ డబ్బుతో హోటల్‌లో ఉండేవాళ్లం. అత్తమ్మ మోకాళ్లకు ఈ బండి మెట్లేమిటి? ఆమెను తీసుకురాకుండా ఉండాల్సింది."

అంత చిన్న బండిలో గొంతు తగ్గించడమంటూ ఉండదని నాకు అప్పుడు తట్టలేదు. తెల్లవారేసరికి ఆమె అందరికంటే ముందు లేచి, తన పరుపు తానే మడిచి, చాదర్ కప్పుకొని కూర్చుని ఉన్నారు. "నా వల్ల మీకు ఆలస్యం కాకూడదు" అన్నారు, అంతే. మా వారు నా వైపు చూడలేదు.

ఆ వానలోనే మిల్‌ఫోర్డ్ సౌండ్‌కు బయలుదేరాము. చాలా దూరం ఎవరూ మాట్లాడలేదు. దారిలో హోమర్ సొరంగం వస్తుంది. కొండను తొలిచిన 1.2 కిలోమీటర్ల చీకటి దారి అది, లోపల వాలుగా కిందికి దిగుతుంది. అవతలికి రాగానే మా అబ్బాయి కేక వేశాడు. ఏటా 6 మీటర్లకు పైగా వాన కురిసే ప్రాంతమది. నిట్టనిలువు రాతిగోడల మీద నీటిని పట్టి ఉంచేంత మట్టి లేదు, పడిన వాన పడినట్టే కిందికి దూకుతుంది. ఎటు చూసినా జలపాతాలే. ఎండ కాస్తే వాటిలో చాలావరకు ఉండవు. రెండు రోజులుగా నేను తిట్టుకున్న వానే ఇది.

బండి ఆపమన్నారు అత్తమ్మ. తలుపు దగ్గర ఆమెను ఆపి, "రాత్రి అన్నదానికి నన్ను క్షమించండి అత్తమ్మా" అన్నాను.

"మోకాళ్ల మాట నిజమే కదమ్మా. చెయ్యి ఇవ్వు" అంటూ మెట్టు దిగారు. తడుస్తూ చాలాసేపు నిలబడ్డారు.

మిగిలిన రోజులు సాఫీగా గడిచాయి, ఫియర్డ్‌లాండ్‌లోని నల్లని చిన్న ఈగలు కుట్టిన చోట్ల వారం రోజులు గోక్కోవడం తప్ప. ఇరుగుపొరుగు అడిగితే అత్తమ్మ నారింజ పండు కథ చెబుతున్నారు. నాతో మాత్రం, ఆ బండిలో ఇచ్చిన దుప్పట్లు పల్చనివని, మళ్లీ వెళితే మనవే తీసుకువెళ్లాలని ఇప్పటికి రెండుసార్లు అన్నారు.