ఏ కొండచిలువ ఇంటికి, ఏది అడవికి

తెలుగులో కొండచిలువ అనీ, సంస్కృతంలో అజగరమనీ పిలిచే పాము పైథానిడే అనే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా ఖండాలలో సుమారు 40 జాతులు ఉన్నాయి, వాటిలో దేనికీ విషం లేదు, అన్నీ ఎరను పట్టి ఒంటితో చుట్టి బిగించి చంపిన తరువాతే మింగుతాయి. మేకను మింగి కదలలేక పడి ఉండే భారీ శరీరమే ఈ పేరు వినగానే మనసులో మెదులుతుంది. మహాభారతంలో నహుషుడు శాపం పొంది అజగరమై భీముడంతటివాడిని చుట్టివేసిన కథ కూడా ఆ ఊహకు బలమిచ్చింది. అయితే గత కొన్నేళ్లుగా చేతి ఫోన్లలో కనిపిస్తున్నది వేరే కొండచిలువ: పసుపు, తెలుపు, లేత గోధుమ రంగుల పొడలతో, అరచేతిలో ఉండలా చుట్టుకొని పడుకొనే చిన్న పాము. దానిని చూసి, మొదటిసారి పెంచేవారికి ఏ పైథాన్ మంచిదని అడిగే యువకులు ఇప్పుడు మహానగరాలలోనే కాదు, నందికొట్కూరు వంటి పట్టణాలలోనూ ఉన్నారు. ఆ ప్రశ్నకు చలిదేశాలవారు రాసిన పుస్తకాలలో దొరికే జవాబు రంగుతో, పరిమాణంతో మొదలవుతుంది. నల్లమలకు పడమర అంచున, ఎండలు 40 డిగ్రీలు దాటే ఈ నేల మీద జవాబు చట్టంతో మొదలై, పాము పుట్టుకతో, వేసవితో సాగి, చివరికి గాని రంగు దాకా రాకూడదు.

పొలిమేరలోని పెద్ద పొడ

ముందుగా దగ్గరలో ఉన్న పాము సంగతి. భారతీయ కొండచిలువ, శాస్త్రనామంలో పైథాన్ మోలూరస్, నీటికి, రాతికి, పొదకు దగ్గరగా బతుకుతుంది. నందికొట్కూరు చుట్టుపక్కల కృష్ణా వెనుక జలాలు, కేసీ కాలువ, పోతిరెడ్డిపాడు నుంచి సాగే కాలువల గట్లు, ఆత్మకూరు వైపు మొదలయ్యే అడవి, ఇవన్నీ దానికి అనువైన తావులే. ఎక్కువగా మూడు మీటర్ల దాకా పెరుగుతుంది, అరుదుగా అంతకు మించుతుంది. పై పెదవి అంచున ఉండే చిన్న గుంటలు వేడిని పసిగట్టే అవయవాలు; చీకటిలో ఎలుకనో కుందేలునో కంటితో చూడకుండానే దాని ఒంటి వెచ్చదనాన్ని బట్టి పోల్చుకోవడానికి అవి ఉపయోగపడతాయి. ఆడ కొండచిలువ గుడ్లు పెట్టి వాటి చుట్టూ చుట్టుకొని, కండరాలను వణికిస్తూ తన ఒంటి నుంచి వేడిని పుట్టించి పొదుగుతుంది. ఈ మాటను భారతదేశం నుంచి తిరిగి వెళ్లిన ఒక ఫ్రెంచి పరిశీలకుడు చెప్పినప్పుడు పారిస్ పండితులు నమ్మలేదు, 1841లో అదే నగరంలోని జంతు ప్రదర్శనశాలలో ఒక కొండచిలువ గుడ్లను పొదిగిన తరువాత గాని ఒప్పుకోలేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఇవి ముళ్లపందులు తవ్విన బొరియలలో, ఒక్కోసారి ఆ ముళ్లపందులతో కలిసే, శీతకాలం గడపడాన్ని పరిశోధకులు నమోదు చేశారు.

ఇంత విలక్షణమైన జీవిని పట్టి పెంచాలన్న కోరికకు చట్టం చోటివ్వలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జంతువు, అంటే పులితో సమానమైన రక్షణ కలది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలుశిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. కాలువ గట్టున దొరికిన గుడ్డుకు గానీ, చేపల వలలో చిక్కిన పిల్లకు గానీ ఈ నియమం నుంచి మినహాయింపు లేదు. చేయవలసినది అటవీ శాఖకు తెలియజేయడమే.

చట్టం కంటే ముందు ప్రాణానికి సంబంధించిన కారణం మరొకటి ఉన్నది, దీనిని కొంత వివరంగా చెప్పవలసి ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో వెలువరించిన కోరమండల్ తీరపు పాముల గ్రంథంలో స్థానికులు చెప్పిన తెలుగు పేర్లనే రాసుకున్నాడు. అందులో కొండచిలువ పేరు పెద్ద పొడ. తరువాతి కాలంలో ఆయన పేరునే ఆంగ్లంలో మోస్తున్న రక్తపింజరి పేరు కాటుక రేకుల పొడ. పొడ అంటే మచ్చ. రెండు పాములనూ మన పూర్వులు ఒకే మాటతో పిలవడానికి కారణం వాటి ఒంటి మీది మచ్చలే, ఈనాటికీ కొండచిలువ పిల్ల అనుకొని రక్తపింజరిని చేతితో ఎత్తే ప్రమాదానికి కారణమూ ఆ మచ్చలే. రక్తపింజరి వీపున అండాకారపు మచ్చలు మూడు వరుసలలో గొలుసుల్లా క్రమంగా ఉంటాయి, పొలుసులు మధ్యలో గీత దేరి గరుకుగా ఉంటాయి, కదిలిస్తే కుక్కరు ఆవిరిలా గట్టిగా బుసకొడుతుంది. కొండచిలువ మచ్చలు ఒక తీరుగా లేక పెద్దవిగా విరిగి విరిగి ఉంటాయి, పొలుసులు నునుపుగా మెరుస్తాయి, తల మీద బల్లెపు మొన వంటి గుర్తు ఉంటుంది. ఈ తేడాలు పుస్తకంలో స్పష్టంగానే ఉంటాయి గాని, వేరుశనగ చేనులో టార్చి వెలుగులో ఆకుల మధ్య చుట్టుకున్న పాము విషయంలో వాటిని నమ్ముకొని చేయి చాపడం చావును పిలవడమే. నిపుణుడు కానివారు పొడ ఉన్న ప్రతి పామునూ రక్తపింజరిగానే ఎంచి దూరం జరగాలి.

ఆఫ్రికా నుంచి వచ్చిన చిన్నది

ప్రపంచమంతటా తొలి పెంపకందారులకు సూచించే జాతి పైథాన్ రీజియస్, వాడుకలో బాల్ పైథాన్. భయపడితే తలను మధ్యలో దాచుకొని బంతిలా చుట్టుకొనే అలవాటు వల్ల ఆ పేరు వచ్చింది. దీని జన్మస్థలం పశ్చిమ, మధ్య ఆఫ్రికా. అక్కడి బెనిన్ దేశంలోని విదా పట్టణంలో వీటికి ఏకంగా గుడి ఉన్నది, భక్తులు వీటిని మెడలో వేసుకొని మొక్కుతారు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే తెలుగువారికి ఆ భక్తిని అర్థం చేసుకోవడం కష్టం కాదు. పెరిగిన పాము 90 నుంచి 150 సెంటీమీటర్లు ఉంటుంది, కరవడం అరుదు. బర్మా కొండచిలువ, రెటిక్యులేటెడ్ పైథాన్ పిల్లలుగా ఉన్నప్పుడు ఇంతే ముద్దుగా కనిపించినా, మొదటిది ఐదు మీటర్ల దాకా పెరుగుతుంది, రెండవది లోకంలోకెల్లా పొడవైన పాము. పైగా ఈ రెండూ ఈశాన్య భారతంలో సహజంగా ఉన్న జాతులు గనుక మన దేశంలో వీటి పెంపకం ప్రసక్తే లేదు. చిల్డ్రన్స్ పైథాన్ అనే ఆస్ట్రేలియా పామును పేరు చూసి పిల్లల కోసమని పొరబడేవారు ఉన్నారు. జాన్ జార్జ్ చిల్డ్రన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడి పేరది. కనుక ఎంపిక ఆచరణలో బాల్ పైథాన్ దగ్గరే ఆగుతుంది.

రంగు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. సహజమైన బాల్ పైథాన్ ముదురు గోధుమ, నలుపు రంగులలో ఉంటుంది. 1990ల నుంచి పెంపకందారులు అరుదైన జన్యువులున్న పాములను జతకట్టించి వేలకొద్దీ రంగుల తీరులను సృష్టించారు, వీటిని మార్ఫ్‌లు అంటారు. అందులో స్పైడర్ అనే తీరు సాలెగూడు వంటి అందమైన గీతలతో పాటు నరాల లోపాన్ని కూడా మోస్తుంది. తల వణుకుతుంది, తిరగబడుతుంది, కొన్ని పాములు ఎరను సూటిగా పట్టలేవు. ఆ తీరును ఎంత తక్కువ ధరకు ఇచ్చినా కొనకూడదు, ఎందుకంటే ప్రతి కొనుగోలూ ఆ బాధను మరో తరానికి పెంచుతుంది.

కాగితం లేని పాము

అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందాన్ని సైటిస్ అంటారు. బాల్ పైథాన్ అందులోని రెండవ అనుబంధంలో ఉన్నది, 2022 సవరణ తరువాత సైటిస్ జాతులన్నీ మన చట్టంలోని నాలుగవ షెడ్యూలు కిందకు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమాల ప్రకారం అటువంటి జంతువు ఎవరి దగ్గర ఉన్నా కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి; కొత్తగా చేతికి వస్తే 30 రోజులలోపు చేయాలి, పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చనిపోయినా తెలియజేయాలి. బ్యాంకాక్ నుంచి వచ్చిన పెట్టెలలో బట్టల మధ్య సంచుల్లో కుక్కిన బాల్ పైథాన్ పిల్లలు చెన్నై విమానాశ్రయంలో పలుమార్లు పట్టుబడ్డాయి. అలా దాటివచ్చిన పిల్లలే చేతులు మారి, పత్రం లేకుండా, బస్సు పార్సిల్లో పంపుతామనే మాటతో అమ్మకానికి వస్తుంటాయి. అమ్మేవ్యక్తి నమోదు పత్రం, పాము పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరం చూపలేకపోతే బేరం అక్కడితో ముగియాలి. పత్రం చూపినవాడి దగ్గర కూడా ఆ పాము ఎర తినడాన్ని కళ్లారా చూసి, వెన్నెముక పైకి తేలలేదని, ముక్కు దగ్గర నురగ లేదని, పొలుసుల సందుల్లో నల్లటి నలుసుల వంటి పురుగులు లేవని తేల్చుకోవాలి.

మిద్దె కింద ఆఫ్రికా

బాల్ పైథాన్‌కు పెట్టెలో ఒక మూల 31 నుంచి 33 డిగ్రీల వెచ్చదనం, మరో మూల 25 నుంచి 27 డిగ్రీల చల్లదనం, గాలిలో 60 శాతం వరకు తేమ కావాలి. పాము తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేని జీవి గనుక ఈ రెండు మూలల మధ్య తిరుగుతూ సర్దుకుంటుంది. విదేశీ పుస్తకాలన్నీ హీటర్ల గురించి, వేడి చాపల గురించి పుటలకు పుటలు రాస్తాయి. నందికొట్కూరులో ఏప్రిల్, మే నెలల సమస్య దానికి పూర్తిగా తలకిందులు. పై అంతస్తు కాంక్రీటు స్లాబు కింది గది రాత్రి పది గంటలకు కూడా సెగలు కక్కుతుంది, గాలి పొడిబారుతుంది, పెట్టెలో ఎక్కడా చల్లని మూల మిగలదు. 35 డిగ్రీలు దాటిన గాలిలో గంటల తరబడి చిక్కిన బాల్ పైథాన్ బతకడం కష్టం. తేమ తగ్గితే కుబుసం, అంటే పాత చర్మపు పొర, ఒక్క తొడుగులా రాక ముక్కలై కంటి మీద, తోక చివర అతుక్కుపోతుంది, తోక కొనకు రక్తం ఆడక అది కుళ్లే దాకా వెళ్తుంది.

దీనికి విరుగుడు ఈ ప్రాంతపు పాత ఇళ్లలోనే కొంత ఉన్నది. మందమైన గోడలు, మట్టిమిద్దె, నాపబండల నేల ఉన్న నడిమింటి గదిలో మధ్యాహ్నపు వేడి బయటికంటే ఎంతో తక్కువ. నీళ్ల కూలరు ఆ గదికి చల్లదనాన్నీ తేమనూ కలిపి ఇస్తుంది, వానాకాలంలో మాత్రం అదే కూలరు తేమను మితిమీరేలా చేసి ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. కనుక ఉష్ణోగ్రతను, తేమను కొలిచే రెండు పరికరాలు పామును కొనక ముందే కొని, ఆ గదిలో ఒక పూర్తి వేసవి, చైత్రం నుంచి మృగశిర కార్తె దాకా, రోజుకు మూడుసార్లు అంకెలు రాసుకోవడం ఉత్తమం. కరెంటు పోయిన మధ్యాహ్నాల అంకెలే అందులో ముఖ్యమైనవి. ఆ పట్టిక 32 దాటని మూలను ఒక్కటైనా చూపకపోతే ఆ ఇంటికి పాము రాకూడదు.

ఎర విషయం చిన్నదే. పిల్లకు వారానికొకసారి, పెద్దదానికి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, దాని ఒళ్లు ఎంత లావో అంత లావు ఎలుకను, ముందే చంపి గడ్డకట్టించి, తిరిగి వెచ్చబరచి పెట్టాలి. బతికిన ఎలుక పామును కొరికి గాయపరచగలదు. పొలంలో పట్టిన ఎలుక పనికిరాదు, అది మందు తిని ఉండవచ్చు. బాల్ పైథాన్ నెలల తరబడి ఎర ముట్టకుండా ఉండడం సహజమే, అయినా బరువు తగ్గుతుంటే వైద్యుడు అవసరం. పశువైద్యశాలలో గొర్రెకు, బర్రెకు చికిత్స దొరుకుతుంది గాని, పాముల వైద్యం తెలిసినవారికోసం హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లవలసి వస్తుంది.

వయసు మాట అందరూ చివరికి వదిలేస్తారు, నిజానికి కుటుంబం కూర్చొని మాట్లాడవలసినది అదే. బాల్ పైథాన్ 20 నుంచి 30 ఏళ్లు సులువుగా బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలకు 1961లో ఒక యజమాని ఇచ్చిన ఆడపాము 2020 జూలైలో, అరవై ఏళ్లు దాటిన వయసులో, ఏళ్లుగా మగపాము తోడు లేకుండానే ఏడు గుడ్లు పెట్టింది. ఇంటర్మీడియెట్ చదివే కుర్రాడు కొన్న పాము అతడి ఉద్యోగం, పెళ్లి, వలస అన్నీ చూస్తుంది. అతడు హైదరాబాదుకు వెళ్లిన నాటి నుంచి ఎలుకను వెచ్చబరిచి పెట్టవలసినది తల్లే కావచ్చు, ఆమె ముందే ఒప్పుకోవాలి. విసుగొచ్చి కాలువ గట్టున వదిలిపెట్టడానికి వీలు లేదు. ఫ్లోరిడాలో అలా వదిలినవీ తప్పించుకున్నవీ అయిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల్లో లెక్కకు అందనంతగా పెరిగి, అక్కడి కుందేళ్లను, రకూన్లను దాదాపు తుడిచిపెట్టాయి.

పట్టిక ఒప్పుకోని ఇళ్లవారికి, తల్లి ఒప్పుకోని కుర్రాళ్లకు చూడడానికి పెద్ద పొడ ఉండనే ఉన్నది. పుష్య మాసపు చలి ఉదయాలలో, మంచు విడిచి ఎండ కాస్త ముదిరిన వేళ, అది బొరియ నుంచి బయటికి వచ్చి రాతి మీదనో గట్టు మీదనో ఒళ్లు ఆరబెట్టుకుంటుంది. గొర్రెల కాపరులకు ఆ తావులు తెలుసు. వారి వెంట వెళ్లి, ఇరవై అడుగుల దూరంలో ఆగి, చప్పుడు చేయకుండా కూర్చుంటే చాలు.