ఎడారిలో ఓ హనుమాన్ జంక్షన్!

విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే దారిలో హనుమాన్ జంక్షన్ తెలియనిదెవరికి? ఇటు గుడివాడ రోడ్డు, అటు నూజివీడు రోడ్డు, మధ్యలో ఆంజనేయస్వామి గుడి. బస్సు ఆగేది పది నిమిషాలే అయినా, ఆ పది నిమిషాల మీదే ఎన్ని టీ కొట్లు బతికాయో! 2001లో అర్జున్, జగపతిబాబు, వేణులతో ఆ పేరు మీద ఏకంగా సినిమాయే వచ్చింది.

అలాంటి జంక్షనే ఒకటి అమెరికా ఎడారిలో ఉంది. పేరు ప్రిమ్.

2025 చివర్లో లాస్ ఏంజిలిస్ నుంచి లాస్ వేగాస్‌కి కారులో బయల్దేరాం. నడుపుతున్నది మా బావ. సొంతూరు హనుమాన్ జంక్షనే! గంటల తరబడి రాళ్ళూ, ముళ్ళపొదలూ తప్ప మరేం లేవు. కాలిఫోర్నియా దాటి నెవాడాలో అడుగుపెట్టామో లేదో... రోడ్డుకి ఒక పక్క సెట్టింగులాంటి కోట, రెండో పక్క ఆకాశాన్నంటే రోలర్ కోస్టర్!

రెండు వైపులా బేరమే!

నెవాడాలో 1931 నుంచీ జూదం చట్టసమ్మతం. వేగాస్ ఇంకా 65 కిలోమీటర్లుంది. అంతవరకూ ఆగలేని చేతుల కోసం ప్రిమ్ కుటుంబం సరిహద్దులోనే కేసినో హోటళ్ళు కట్టింది. 1977లో విస్కీ పీట్స్, 1990లో ప్రిమడోనా, 1994లో బఫెలో బిల్స్. వెళ్ళేవాడు ఆత్రంకొద్దీ ఆగేవాడు. వచ్చేవాడు పోయింది రాబట్టుకుందామని ఆగేవాడు!

సినిమా ప్రియులకు మరో ఆకర్షణ కూడా ఉండేది. 1967 నాటి 'బోనీ అండ్ క్లైడ్' క్లైమాక్స్ గుర్తుందా? వారెన్ బీటీ, ఫే డనవే తూటాల వర్షంలో ఒరిగిపోయే ఘట్టం! అసలు బోనీ, క్లైడ్ 1934 మే 23న చనిపోయిన ఫోర్డు కారుని, తూట్లు పడ్డ ఒంటితో సహా, ఏళ్ళ తరబడి ఈ కేసినోల్లోనే ప్రదర్శించారు.

దీపాలారిన కోట

మరిప్పుడో? కోటలాంటి విస్కీ పీట్స్ 2024 డిసెంబరులో మూతపడింది. బఫెలో బిల్స్ 2025 జూలై నుంచి ప్రత్యేక కార్యక్రమాలున్నప్పుడే తలుపు తీస్తోంది. 209 అడుగుల ఆ డెస్పరాడో కోస్టర్ 2020 నుంచీ కదల్లేదు. మేం వెళ్ళేసరికి మూడింట్లో దీపం వెలుగుతున్నది ఒక్కదానిలోనే. ప్రిమడోనాయే, ప్రిమ్ వ్యాలీ అన్న పేరుతో.

కారణం? 2000లో కాలిఫోర్నియా ఓటర్లు ఆదివాసీ తెగల కేసినోలకు అనుమతిచ్చారు. ఇంటి దగ్గరే ఆట దొరికితే ఎడారిలో ఎవరాగుతారు? ఆపైన కరోనా.

చిత్రమేమిటంటే, సందడంతా గీతకి అవతల, కాలిఫోర్నియా వైపున్న ఓ చిన్న కొట్టుది! నెవాడాలో లాటరీ టిక్కెట్లు అమ్మరు. అందుకని పెద్ద బహుమతి ఉన్నప్పుడు జూదాల రాజధాని వేగాస్ నుంచే జనం వచ్చి అక్కడ క్యూ కడతారు!

బావ ఇరవై డాలర్లు స్లాట్ మిషన్‌కి సమర్పించుకున్నాడు. చుట్టూ ఖాళీ స్టూళ్ళు. నవ్వుదామనుకున్నాను గానీ, ఆయన ముఖంలో నవ్వు లేదు.

"డబ్బు సంగతి కాదురా. మా ఊరికీ బైపాస్ పడిందిగా! లారీలన్నీ పక్కనించే పోతున్నాయి" అన్నాడు.

"అదీ ఇదీ ఒకటేనా బావా? గుడివాడ వాళ్ళూ, నూజివీడు వాళ్ళూ మీ ఊరు రాక ఎక్కడికి పోతారు?"

నిజమే. ప్రిమ్ అంటే హోటళ్ళూ, వాటిలో పనిచేసేవాళ్ళ ఇళ్ళూ, అంతే. కారు ఆగకపోతే ఊరే లేదు. హనుమాన్ జంక్షన్‌కి గుడి ఉంది, బడి ఉంది, చుట్టూ పొలాలున్నాయి. అయినా రోడ్డు మొహం తిప్పేసుకుంటే టీ కొట్టువాడికి దిగులు తప్పుతుందా?

కారు స్టార్టు చేస్తూ బావ అన్నాడు:

"ఈసారి ఇండియా వెళ్తే బైపాస్ ఎక్కనురా. ఊళ్ళోంచే పోయి, గుడి దగ్గర ఆగి టీ తాగుతా!"