పాట వెనక చేతులు

రేడియోలో పాట వస్తుంది. వంట చేస్తూ వింటాం. కలుపు తీస్తూ అదే పాట పాడుకుంటాం. ఆ పాట ఎవరు పాడారు అంటే చాలామంది పేరు చెబుతారు. సంగీతం ఎవరిది అన్నా చెబుతారు. మరి అందులో గిటార్ వాయించింది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

వాయించిన చేతులు ఎవరివో మనకు తెలియదు. అవి లేకుంటే మాత్రం పాటకు నిండుతనం లేదు. ఇలా పాటల రికార్డింగుకు వచ్చి వాయించి వెళ్లేవాళ్లను సెషన్ కళాకారులు అంటారు. వాళ్ల పని ఎలా ఉంటుందో, కూలి ఎలా దక్కుతుందో తెలుసుకుందాం.

పిలుపు వస్తేనే పని

గిటార్‌కు మామూలుగా 6 తీగలు ఉంటాయి. ఎడమ చేతి వేళ్లతో తీగలను నొక్కుతారు. కుడి చేతితో మీటుతారు. నొక్కే చోటు మారితే స్వరం మారుతుంది. నేర్చుకునే కొత్తలో వేళ్ల కొసలు మండుతాయి. కొన్ని వారాలకు చర్మం గట్టిపడుతుంది. కొడవలి పట్టిన చేతికి కాయలు కాసినట్టే ఇదీ.

సెషన్ అంటే రికార్డింగుకు పెట్టుకున్న కొన్ని గంటల సమయం. సెషన్ కళాకారుడు ఒక కంపెనీలో ఉద్యోగి కాదు. నెల జీతం ఉండదు. ఈ రోజు ఒకరి పాటకు, రేపు ఇంకొకరి పాటకు వాయిస్తాడు. ఇలా సొంతంగా పని వెతుక్కోవడాన్ని ఫ్రీలాన్స్ పని అంటారు. పిలుపు వస్తే పని. పని ఉంటే కూలి. జబ్బు చేసి పడుకుంటే ఆ రోజు కూలి పోయినట్టే.

స్టూడియోలో బయటి శబ్దం వినపడని గది ఉంటుంది. కళాకారుడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాడు. తాళం తప్పకుండా అందులో టక్ టక్ అని దెబ్బ వినిపిస్తుంది. దానికి తగ్గట్టు వాయించాలి. తప్పు పోతే మళ్లీ వాయించాలి. ఒక్కో వాయిద్యాన్ని, గొంతును వేరువేరుగా రికార్డు చేస్తారు. తర్వాత అన్నిటినీ కలుపుతారు. ఏది ఎంత పెద్దగా, ఏది ఎంత చిన్నగా వినిపించాలో సరిచూస్తారు. కూరలో ఉప్పు, కారం, పులుపు సరిచూసినట్టే. ఈ పనిని మిక్సింగ్ అంటారు.

సంగీతానికీ అక్షరాలు

మాటకు అక్షరాలు ఉన్నట్టే సంగీతానికీ రాత ఉంది. పడమటి సంగీతంలో 5 గీతల మీద గుర్తులు వేస్తారు. ఏ స్వరం, ఎంతసేపు అన్నది ఆ గుర్తులు చెబుతాయి. ఇది చదవడం వచ్చిన కళాకారుడు కాగితం చూడగానే వాయిస్తాడు. చదవడం రాకపోతే విని నేర్చుకోవాలి. విని బాగా వాయించేవాళ్లూ చాలామంది ఉన్నారు. కానీ స్టూడియోకు గంటల లెక్కన అద్దె కట్టాలి. అందుకని చదవగలిగినవాళ్లకు పిలుపులు ఎక్కువ వస్తాయి.

చాలా ఏళ్లపాటు తెలుగు సినిమా పాటలు మద్రాసులోనే రికార్డయ్యేవి. ఇళయరాజా పేరు అందరికీ తెలుసు. ఆయన తమిళనాడులోని పణ్ణైపురం అనే పల్లెలో పుట్టారు. మద్రాసు వచ్చి ధనరాజ్ మాస్టారి దగ్గర సంగీతం రాయడం, చదవడం నేర్చుకున్నారు. ఇతర సంగీత దర్శకుల పాటలకు గిటార్ వాయించారు. 1976లో 'అన్నక్కిళి' సినిమాతో తానే సంగీత దర్శకుడు అయ్యారు. కళాకారులు ఏం వాయించాలో కాగితం మీద రాసి ఇవ్వడం ఆయన పద్ధతి.

కెరోల్ కే కథ

ఈ పనిలో ఆడవాళ్లు తక్కువ. అమెరికాలో ఒక ఆమె మాత్రం ఎంతో పేరు తెచ్చుకుంది. ఆమె కెరోల్ కే. 1935లో పుట్టింది. తల్లిదండ్రులు విడిపోయారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. 13 ఏళ్లప్పుడు తల్లి గిటార్ కొనిచ్చింది. మరుసటి ఏడే కెరోల్ ఇతరులకు గిటార్ నేర్పడం మొదలుపెట్టింది.

పెళ్లయింది. పిల్లలు పుట్టారు. ఇల్లు గడవాలి. 1957లో ఆమె రికార్డింగులకు వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడ చుట్టూ మగవాళ్లే. 1963లో ఒకరోజు బేస్ గిటార్ వాయించే మనిషి రాలేదు. బేస్ గిటార్ అంటే మంద్ర స్వరాలు పలికే గిటార్. కెరోల్ దాన్ని అందుకుని వాయించింది. ఆ రోజు నుంచి ఆ పనికి ఆమెకు పిలుపులు పెరిగాయి. మొత్తం సుమారు 10,000 రికార్డింగుల్లో వాయించిందని చెబుతారు. 1969లో బేస్ గిటార్ ఎలా వాయించాలో చెప్పే పుస్తకం కూడా రాసింది.

కానీ ఆ రోజుల్లో రికార్డుల అట్టల మీద పాడినవాళ్ల పేరే పెద్దగా వేసేవారు. సెషన్ కళాకారుల పేర్లు చాలాసార్లు ఉండేవే కావు. లక్షలమంది ఆమె వాయించింది విన్నారు. ఆమె పేరు మాత్రం వినలేదు. 2008లో ఒక సెషన్ గిటార్ కళాకారుడి కొడుకు తన తండ్రి గురించి, ఆయన తోటి కళాకారుల గురించి సినిమా తీశాడు. ఆ సినిమా వచ్చాక చాలామందికి వాళ్లెవరో తెలిసింది.

పేరు ఆలస్యంగా వచ్చింది. మరి కూలి? అక్కడ సంగీత కళాకారులకు సంఘం ఉంది. అది 1896లో ఏర్పడింది. ఎంత కూలి ఇవ్వాలో సంఘం, కంపెనీలు కూర్చుని ఒప్పందం చేసుకుంటాయి. మామూలు సెషన్ 3 గంటలు. అంతకు మించితే అదనపు డబ్బు. ఒకే సెషన్‌లో రెండో వాయిద్యం వాయించినా అదనమే. పింఛను నిధికి కంపెనీ కూడా డబ్బు కట్టాలి. ఇవన్నీ కాగితం మీద ఉంటాయి. నోటి మాట మీద కాదు.

మన చట్టం ఏం చెబుతుంది?

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. 1994లో దాన్ని సవరించారు. పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు కూడా హక్కులు ఇచ్చారు. ఇప్పుడు ఆ హక్కులు 50 ఏళ్లు ఉంటాయి. 2012లో మరో సవరణ వచ్చింది. వాళ్ల పాటను, వాయిద్యాన్ని వ్యాపారానికి వాడుకుంటే వాళ్లకు రాయల్టీ రావాలని అందులో ఉంది. రాయల్టీ అంటే పంటలో వాటా లాంటిది. వాయించిన మనిషి పేరు చెప్పాలని కోరే హక్కు కూడా ఉంది.

అయితే ఒక మెలిక ఉంది. సినిమాలో ఒకరి పాత్ర చిన్నపాటిది అనుకుందాం. పరిశ్రమ వాడుక ప్రకారం పేర్ల పట్టీలో వాళ్ల పేరు వేయలేదు. అప్పుడు చాలా హక్కుల విషయంలో చట్టం వాళ్లను లెక్కలోకి తీసుకోదు. అంటే పేరు గొప్పకోసం మాత్రమే కాదు. పేరు లేకపోతే హక్కూ జారిపోవచ్చు.

ఇంట్లోనే పాట

కొందరు కళాకారులు ఇతరులకు వాయిస్తూనే సొంత పాటలు కూడా చేసుకుంటారు. పెద్ద కంపెనీ కోసం ఎదురుచూడరు. తామే బాణీ కడతారు. తామే రికార్డు చేస్తారు. తామే అమ్ముకుంటారు. వీళ్లను స్వతంత్ర సంగీత నిర్మాతలు అంటారు. ఇండీ నిర్మాతలు అని కూడా పిలుస్తారు.

సొంత స్టూడియో ఉంటే ఎంత మేలో ఎ.ఆర్. రెహమాన్ జీవితం చెబుతుంది. ఆయనకు 9 ఏళ్లప్పుడు తండ్రి చనిపోయారు. తండ్రి వాయిద్యాలను అద్దెకిచ్చి తల్లి ఇల్లు నడిపారు. రెహమాన్ చిన్నప్పుడే ఇతరుల పాటలకు కీబోర్డు వాయించారు. తెలుగు సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గరా పనిచేశారు. తర్వాత ఇంటి పెరట్లో స్టూడియో కట్టుకున్నారు. అందులో యంత్రం కొనడానికి తల్లి నగలు ఇచ్చారు. 1992లో వచ్చిన 'రోజా' పాటలు ఆ స్టూడియోలోనే తయారయ్యాయి.

ఇప్పుడు ఒక కంప్యూటరు, మైకు, హెడ్‌ఫోన్లు ఉంటే చిన్న గదిలో కూడా పాట చేయవచ్చు. కళాకారుడు ఒక ఊళ్లో గిటార్ వాయించి, ఇంకో ఊరికి ఇంటర్నెట్‌లో పంపుతాడు. పాటను ఫోన్లలో వినేలా పెడతాడు. ఒక్కసారి వింటే వచ్చేది చాలా కొద్ది పైసలే. ఎక్కువమంది వింటేనే నాలుగు డబ్బులు. అందుకే చాలామంది పాఠాలు చెబుతారు, పెళ్లిళ్లలో, సభల్లో వాయిస్తారు, సెషన్లకూ వెళతారు.

నలుగురు కలిసి పాట చేస్తే ముందే కాగితం రాసుకోవాలి. పాట రాసింది ఎవరు? బాణీ ఎవరిది? వాయించింది ఎవరు? ఎవరి వాటా ఎంత? డబ్బు ఎప్పుడు ఇస్తారు? పేరు ఎక్కడ వేస్తారు? ఇవి స్పష్టంగా ఉండాలి. విడుదలయ్యే రికార్డింగుకు 12 అక్షరాలు, అంకెలతో ఒక గుర్తు సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్యను పట్టి పాటను ఎక్కడ ఎన్నిసార్లు విన్నారో లెక్క కడతారు. పాట బయటికి వచ్చాక వాటాల కోసం తగువు పడితే స్నేహమూ పోతుంది, డబ్బూ పోతుంది.

గిటార్ పట్టినా, కొడవలి పట్టినా కష్టం కష్టమే. చేసిన పనికి లెక్క ఉండాలి. ఆ లెక్కలో పేరు ఉండాలి. కాగితం చదివాకే సంతకం పెట్టాలి. అర్థం కాని మాట ఉంటే అడగాలి. చదివి వినిపించమనడం తప్పు కాదు. చదవకుండా సంతకం పెడితేనే నష్టం.

మాట్లాడుకోండి

1. మీరు చేసే పనికి కూలి లెక్క ఎవరు రాస్తారు? మీరు చూశారా?
2. మస్టర్‌లో మీ పేరు, పనిచేసిన రోజులు సరిగా ఉన్నాయా?
3. మీకు నచ్చిన ఒక పాట చెప్పండి. ఆ పాట వెనక ఎంతమంది పనిచేసి ఉంటారో లెక్క రాయండి.