దేశీ తేనెటీగల సంతతి పరిరక్షణ: ప్రజనన బృందాల ఏడాది పని

దక్షిణ భారతదేశంలో తేనెటీగల పెంపకానికి 1991–92 సంవత్సరాలు మరువరాని గుణపాఠం నేర్పాయి. థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ తెగులు వ్యాపించి కేరళ, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలలో పెట్టెలలో పెంచుతున్న పుట్ట తేనెటీగల (ఎపిస్ సెరానా ఇండికా) కుటుంబాలలో అత్యధిక భాగం నశించింది. ఈ తెగులు సోకిన పిల్ల పురుగు ప్యూపాగా మారకుండానే, నీరు నిండిన సంచివలె గదిలో వెల్లకిలా పడి మరణిస్తుంది. దీనిని నయం చేసే మందు లేదు. కాలక్రమంలో పెంపకం కోలుకున్నదంటే, తెగులును తట్టుకొని బ్రతికిన కొద్దిపాటి కుటుంబాల సంతానమే అందుకు కారణం. అటువంటి కుటుంబాలను గుర్తించి, వాటి సంతతిని శాస్త్రీయంగా వృద్ధి చేయడమే దేశీ తేనెటీగల ప్రజనన బృందం ముఖ్యోద్దేశం.

తూర్పు కనుమల గిరిజన ప్రాంతాలలో ఈ ఈగకు వ్యవసాయపరంగానూ ప్రాధాన్యం ఉంది. అరకు లోయలో విరివిగా సాగయ్యే వలిసెలు పరపరాగ సంపర్కంపై ఆధారపడే పంట. ఈగలు వాలని పొలంలో పూత నిండుగా ఉన్నా గింజ కట్టదు. ఇటలీ తేనెటీగతో పోలిస్తే పుట్ట తేనెటీగ ఇచ్చే తేనె తక్కువే. అయితే చిన్న కమతాలలో, చెదురుమదురుగా ఉండే పూతపై ఆధారపడి, పెట్టెలను ఊరూరా తరలించకుండానే మనుగడ సాగించగలగడం దీని విశిష్టత. వరోవా నల్లికి ఇది సహజ అతిథేయి. ఈ ఈగ గూళ్లలో నల్లి ప్రధానంగా మగ ఈగల గదులలోనే వృద్ధి చెందుతుంది కనుక కుటుంబం కుప్పకూలదు.

ఒక్కరి వల్ల కాని పని

తేనెటీగలలో లింగ నిర్ధారణ విధానం కారణంగా ప్రజననం సామూహిక కార్యం కాక తప్పదు. ఫలదీకరణ చెందని గుడ్డు మగ ఈగ అవుతుంది. ఫలదీకరణ చెందిన గుడ్డులో లింగ నిర్ధారణ జన్యువు యొక్క రెండు రూపాలు వేర్వేరుగా ఉంటే ఆడ ఈగ పుడుతుంది. రెండూ ఒకటే అయితే అది ద్వయస్థితిక మగ పురుగు అవుతుంది. శ్రామిక ఈగలు దానిని పిల్ల దశలోనే తినివేస్తాయి. రాణి తనతో సమాన రూపం గల మగ ఈగతో జతకడితే, ఆ మగ ఈగ వలన కలిగే సంతానంలో సగం ఇలా నష్టమవుతుంది. ఒకే రాణి సంతానంతో ఐదారు పెట్టెలు నింపుకొన్న పెంపకందారుని పట్టులలో మూత వేసిన గదుల మధ్య ఖాళీలు కనిపించడానికి తరచుగా ఇదే కారణం. బయటి సంతతి కలవని మూసిన జనాభాలో పిల్ల గదుల సాంద్రత పడిపోకుండా ఉండాలంటే సుమారు 35 నుండి 50 ప్రజనన కుటుంబాలు అవసరమని పేజ్, లెయిడ్లా 1982లో ప్రతిపాదించారు. ఇన్ని కుటుంబాలు ఒక చిన్న రైతు వద్ద ఉండవు. పది పన్నెండు మంది కలిస్తే సమకూరుతాయి.

అక్టోబరు – డిసెంబరు: లెక్క, నమోదు

వానలు వెనుకబట్టి వలిసెలు పూతకు రావడంతో బృందం పని సంవత్సరం ఆరంభమవుతుంది. సభ్యులందరి పెట్టెలకు సంఖ్యలు వేసి, ఒక్కొక్క దానికి ఒక నమోదు పత్రం తెరవాలి. రాణి వయస్సు, పిల్ల చట్రాల సంఖ్య, గూడు విడిచిపోయే స్వభావం, గుంపులు విడే స్వభావం, సాత్వికత, తేనె నిల్వ అనే అంశాలకు 1 నుండి 4 వరకు మార్కులు ఇవ్వవచ్చు. అందరూ ఒకే కొలతను పాటించేందుకు మొదటి పరిశీలనను సభ్యులు కలిసి చేయడం మేలు. రాణి వీపుపై రంగు చుక్క పెట్టినట్లయితే వయస్సు విషయంలో సందేహం ఉండదు. అంతర్జాతీయ పద్ధతిలో 1, 6 అంకెలతో ముగిసే సంవత్సరాలకు తెలుపు, 2, 7కు పసుపు, 3, 8కి ఎరుపు, 4, 9కి ఆకుపచ్చ, 5, 0కు నీలం రంగు వాడతారు.

జనవరి – ఫిబ్రవరి: ఎంపిక

ఎంపికలో తేనె దిగుబడి ఒక్కటే ప్రాతిపదిక కారాదు. బృందంలో మనస్పర్థలు తలెత్తేదీ ఇక్కడే. అధిక తేనెనిచ్చిన పెట్టెలో శాక్‌బ్రూడ్ లక్షణాలు కనిపిస్తే, దాని యజమానికి ఎంత కష్టమనిపించినా దానిని తల్లి కుటుంబంగా స్వీకరించరాదు. ఈ నియమాన్ని ఎంపికకు ముందే అందరి సమ్మతితో వ్రాసుకోవాలి.

పారిశుధ్య స్వభావాన్ని సూది పరీక్షతో తెలుసుకోవచ్చు. మూత వేసిన 100 శ్రామిక గదులలోని ప్యూపాలను సన్నని సూదితో గుచ్చి, 24 గంటల తరువాత శ్రామిక ఈగలు ఎన్నింటిని తొలగించాయో లెక్కించాలి. అదే సమయంలో మరొక చోట వరుసగా 100 గదులను ఎంచుకొని ఖాళీ గదులను లెక్కిస్తే అంతఃప్రజనన తీవ్రతపై ఒక అవగాహన కలుగుతుంది. గూడు విడిచిపోయే స్వభావం అధికంగా ఉన్న కుటుంబాలను, ఇతర గుణాలు ఎంత బాగున్నా, పక్కన పెట్టడం మంచిది.

ఫిబ్రవరి – ఏప్రిల్: రాణుల పెంపకం

స్థానికంగా గుంపులు విడే కాలమే రాణుల పెంపకానికి తగిన కాలం. 1889లో డూలిటిల్ గ్రంథం ద్వారా ప్రాచుర్యం పొందిన మైనపు గిన్నెల పద్ధతినే దేశీ ఈగకూ అనుసరించవచ్చు. గిన్నె వ్యాసం మాత్రం ఇటలీ ఈగకు వాడే దానికన్నా తక్కువ ఉండాలి. 24 గంటల లోపు వయస్సు గల పిల్ల పురుగులను గిన్నెలలోకి మార్చి, రాణిని తొలగించిన బలమైన కుటుంబానికి అందించాలి.

ఇక్కడ కాల గణన కీలకం. పురుగు మార్చిన సుమారు 12 రోజులకు రాణి వెలువడి, మరో ఐదారు రోజులకు జతకట్టే దశకు చేరుతుంది. మగ ఈగకు గుడ్డు నుండి వెలువడడానికి సుమారు 24 రోజులు, పరిపక్వతకు మరో రెండు వారాలు పడుతుంది. కనుక పురుగులు మార్చడానికి దాదాపు 20 రోజుల ముందే ఎంపిక చేసిన తండ్రి కుటుంబాలలో మగ ఈగల గదులు మొదలై ఉండాలి. ఈ లెక్క తప్పితే రాణి ఎంత మేలైనదైనా ఎంపిక చేయని మగ ఈగలతోనే జతకడుతుంది.

రాణి గాలిలో ఎగురుతూ పదికి మించిన మగ ఈగలతో జతకడుతుంది కనుక తండ్రి పక్షంపై పూర్తి అదుపు సాధ్యం కాదు. అడవిలోని పుట్టలు, చెట్టు తొర్రలలో ఉన్న కుటుంబాల మగ ఈగలు కూడా ఇందులో పాల్గొంటాయి. దీనివల్ల ఎంపిక ఫలితం కొంత పలచబడినా, జన్యు వైవిధ్యం నిలిచి అంతఃప్రజనన ముప్పు తగ్గుతుంది. ఊరిలోని సభ్యులందరూ ఒకేసారి మేలైన కుటుంబాలలో మగ ఈగలను పెంచడమే అందుబాటులో ఉన్న ఆచరణీయ మార్గం.

మే – జూన్: పంపిణీ

కొత్త రాణుల పిల్ల గదుల తీరును పరిశీలించిన తరువాతనే వాటిని సభ్యులకు పంచాలి. రాణులతో పాటు తెగులు ప్రయాణించకుండా, పిల్లలున్న పట్టులను ఒక ఊరి నుండి మరొక ఊరికి మార్చరాదు. దక్షిణాదిలో కొండ ప్రాంతపు ఈగలు నలుపు ఛాయతో పెద్దవిగా, మైదానపు ఈగలు పసుపు ఛాయతో చిన్నవిగా ఉంటాయి. ఈ భేదం ఆయా వాతావరణాలకు అవి అలవడిన తీరును సూచిస్తుంది. కొండ సంతతిని మైదానానికి, మైదాన సంతతిని కొండకు తరలించకుండా వేర్వేరు బృందాలుగా పనిచేయడం ఉచితం.

జూలై – సెప్టెంబరు: కాపాడుకోవడం

వానాకాలపు పూత కరువులో కొత్త పని చేపట్టక, ఉన్న కుటుంబాలను నిలుపుకోవాలి. చక్కెర, నీరు సమపాళ్ళలో కలిపిన పాకాన్ని సాయంకాలం పెట్టె లోపలే అందించాలి. ఈగలు కప్పని పాత పట్టులను తీసివేస్తే మైనపు పురుగు ఉధృతి తగ్గుతుంది. పెట్టె స్తంభాల చుట్టూ నీరు నిలిపి చీమలను అరికట్టాలి. ఈ కాలంలో ఆహారం, రక్షణ కొరవడిన కుటుంబం గూడు విడిచిపోతే, ఏడాది శ్రమతో కూర్చిన సంతతి దానితో పాటే పోతుంది. సభ్యులు సమావేశమై నమోదు పత్రాలను సరిపోల్చి, రాబోయే ఏటి తల్లి కుటుంబాల తొలి జాబితాను సిద్ధం చేసుకోవడానికీ ఇదే అదను.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

ప్రజనన ఫలితం ఒక ఏడాదిలో కనిపించదు. మూడు నాలుగు తరాల రాణుల నమోదు ఉన్నప్పుడే అభివృద్ధిని నిర్ధారించగలం. అందువలన ఉచితంగా పెట్టెలు పంపిణీ చేయడంతో కార్యక్రమం ముగిసిందని భావించక, ఆ పత్రాలను భద్రపరచి విశ్లేషించే బాధ్యతను విస్తరణ శాస్త్రవేత్తలు స్వీకరించాలి. సూది పరీక్ష, ఖాళీ గదుల లెక్క వంటివి తక్కువ ఖర్చుతో విద్యార్థులు గ్రామాలలో నిర్వహించదగిన అధ్యయనాలు. తెగులు మరలా విజృంభించిన నాడు ఏ కుటుంబం నిలిచిందో, దాని తల్లి ఎవరిదో చెప్పగలిగే పత్రం ఉంటే, పునరుద్ధరణకు ఎక్కడ నుండి మొదలుపెట్టాలో తెలుస్తుంది.