తొట్లకొండ, తికాల్: స్థలనామాల్లో నిలిచిన నీరు

గ్వాటెమాలా ఉత్తరభాగంలోని పెతెన్ వర్షారణ్యంలో తికాల్ అనే ప్రాచీన మాయా నగరం ఉంది. చూడబోయినవారి దృష్టి చెట్ల తలలను మించి లేచిన సోపానాలయాల మీద నిలుస్తుంది. పేరు మాత్రం ఆలయాల ఊసెత్తదు. నగరవాసులు తమ రాజధానిని 'యాష్ ముతాల్' అని వ్యవహరించినట్లు అక్కడి శాసనలిపి వల్ల తెలుస్తోంది. క్రీ.శ. 10వ శతాబ్దంలో నగరం పాడుబడిన ఎంతోకాలానికి, ఆ అడవిలో వేటకు తిరిగినవారి నోట పుట్టిన పేరు తికాల్. 'నీటిగుంట దగ్గర' అని దానికి అర్థం చెబుతారు. అక్కడ నది లేదు. సున్నపురాతి నేల నీటిని ఇంకించుకుంటుంది. గచ్చుచేసిన ప్రాంగణాలను వాలుగా తీర్చి, వాననీటిని జలాశయాల్లోకి మళ్లించుకొని నగరం బతికింది.

ఇదే దృష్టితో విశాఖతీరపు బౌద్ధక్షేత్రాల పేర్లను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. ఆనందపురం కూడలి నుంచి తూర్పుగా భీమిలి చేరి, సముద్రపు దారిన విశాఖ వైపు తిరిగితే మంగమారిపేట దగ్గర తొట్లకొండ వస్తుంది. రాష్ట్ర పురావస్తుశాఖ 1988-93 మధ్య జరిపిన తవ్వకాల్లో మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల 72 గదులు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఇన్ని ఉన్నా జనం పెట్టిన పేరులో బుద్ధుడు లేడు, స్తూపం లేదు; రాతిలో తొలిచిన నీటితొట్లున్నాయి.

'తొట్టి' పశువుల కొట్టంలోని మాట, కుడితికి వాడే మాట. కొండమీద పశువులు కాచినవారో కట్టెలు కొట్టినవారో ఆ పేరు పెట్టి ఉండాలి. దీన్ని మరుపుకు గుర్తుగా భావించడం పరిపాటి. నాకది సరికాదనిపిస్తుంది. ధర్మం మరుగునపడినా దాన్ని నిలబెట్టిన ఏర్పాటును వారు సరిగ్గానే గుర్తించారు. వర్షావాసం మూడు మాసాలే; ఆ మాసాల్లో నీటికి కొదవ ఉండదు. రాయి తొలిచి నీరు నిలవచేశారంటే వేసవిలోనూ భిక్షువులు కొండదిగకుండా ఉన్నారనే అర్థం. 1982-87లో తవ్విన బావికొండ పేరులోని బావులు కూడా వాననీరు పట్టేందుకు ఉద్దేశించినవే.

అయితే ఈ వాదాన్ని అతిగా సాగదీయరాదు. భీమిలి దగ్గరి పావురాలకొండ మీదా రాతితొట్లున్నాయి. పేరు మాత్రం పక్షులకు దక్కింది.

సందర్శకులు మహాస్తూపం చుట్టూ తిరిగి, సముద్రాన్ని చూసి దిగిపోతారు. 2019 అక్టోబరు వర్షాలకు ఆ స్తూపంలో కొంతభాగం కూలినప్పుడు చర్చంతా కట్టడం చుట్టూనే సాగింది. కొండమీద వాన ఎటు పారాలో ఒకప్పుడు నిర్ణయించిన వ్యవస్థ తొట్లది. ఒక్కొక్క తొట్టి ఘనపరిమాణాన్ని కొలిచి, 72 గదుల అవసరంతోనూ వేసవి ఆవిరి నష్టంతోనూ సరిచూస్తే, ఏడాది పొడవునా ఆ కొండమీద ఎందరు నివసించగలిగారో లెక్కకట్టవచ్చు. స్థలనామ పరిశోధకుడూ పురావస్తు పరిశోధకుడూ కలిసి చేయవలసిన పని ఇది. మొదలుపెట్టడానికి కొలతబద్ద, ఒక వేసవి చాలు.